నేల లెక్క రైతు ముందే తేలాలి

వాతావరణ మార్పుల మీద జరిగే ప్రతి చర్చలోనూ ఇప్పుడు భూమి పేరు, సాగు పేరు వినిపిస్తున్నాయి. ఇంత శాతం ఉద్గారాలు పొలాల నుంచి, ఇంత శాతం అడవి నేలల నుంచి అని అంకెలు చెబుతున్నారు. ఫ్యాక్టరీ పొగగొట్టానికి మీటరు పెట్టొచ్చు. నేలకు పొగగొట్టం ఉండదు. మరి నేల వదిలే వాయువును ఎవరు, ఎక్కడ, ఎలా కొలిచారు? రేపటి సబ్సిడీలు, ఆంక్షలు, ఒప్పందాలు ఆ అంకె మీదే ఆధారపడతాయి కాబట్టి ఈ ప్రశ్న అడిగే హక్కు రైతాంగానికి ఉంది. కొలవకుండా నేల మీద చెయ్యి వేస్తే ఏమవుతుందో ఇండోనేషియా అనుభవం చెబుతోంది.

1995లో అప్పటి అధ్యక్షుడు సుహార్తో బోర్నియో దీవిలోని మధ్య కలిమంతన్‌లో పది లక్షల హెక్టార్లు, అంటే దాదాపు 25 లక్షల ఎకరాలు, వరి సాగులోకి తెస్తామని ఉత్తర్వు ఇచ్చాడు. అది మామూలు అడవి కాదు, పీట్ నేల మీద పెరిగిన చిత్తడి అడవి. ఆకులు, కొమ్మలు, వేళ్లు నీళ్లలో నానుతూ, పూర్తిగా కుళ్లకుండా, వేల ఏళ్లపాటు పొరలుగా పేరుకుంటే ఏర్పడేదే పీట్. అడవి నరికి, నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వి నీరంతా లాగేశారు. జావా తదితర దీవుల నుంచి వేల రైతు కుటుంబాలను తీసుకొచ్చి అక్కడ దించారు. పుల్లటి, సారం లేని ఆ నేలలో వరి పండలేదు. సుహార్తో దిగిపోయాక 1999 నాటికి పథకాన్నే వదిలేశారు. అడవి పోయిన స్థానికులకూ, ఊరు వదిలి వచ్చిన రైతులకూ మిగిలింది ఎండిన నేల.

ఆ ఎండిన నేల 1997 కరువులో అంటుకుంది. ఆ ఏడాది ఇండోనేషియా పీట్ మంటల వల్ల గాలిలో కలిసిన కార్బన్ 81 కోట్ల టన్నుల నుంచి 257 కోట్ల టన్నుల మధ్య ఉంటుందని 2002లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. బొగ్గు, చమురు, గ్యాస్ మండించి ప్రపంచమంతా ఆ ఏడాది వదిలినదానిలో ఇది 13 నుంచి 40 శాతం. కింది అంచనాకూ పై అంచనాకూ మూడు రెట్లకు పైగా తేడా ఉంది. పీట్ ఎంత లోతున ఉంది, ఎంత మందం కాలింది, ఎంత విస్తీర్ణం కాలింది అన్న లెక్కలు ముందుగా లేకపోతే నష్టం జరిగాక తేలేది ఇలాంటి అంకెలే.

మంట లేకపోయినా పీట్ నేల తరుగుతూనే ఉంటుంది. నీరు నిలిచి ఉన్నంతకాలం లోపలికి గాలి చొరబడదు, కుళ్లడం సాగదు. కాలువ తవ్వి నీరు దించగానే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. వేల ఏళ్ల కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా మారి వెళ్లిపోతుంది. సారం ఉన్న చోట నైట్రస్ ఆక్సైడ్ కూడా వస్తుంది. వందేళ్ల లెక్కన ఇది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు ఎక్కువ వేడిని పెంచుతుంది. నేల ఆరితే మీథేన్ తగ్గుతుంది గానీ, తవ్విన కాలువల్లో నిలిచిన నీటి నుంచి అది మళ్లీ పైకి వస్తుంది. ఒక్క వాయువునే చూస్తే లెక్క తప్పుతుంది.

కొలిచే పద్ధతి దాచిపెట్టాల్సినంత బ్రహ్మవిద్య ఏమీ కాదు. నేల మీద డబ్బా లాంటి మూత బోర్లించి, కొన్ని నిమిషాలకోసారి లోపలి గాలి నమూనా తీసి పరీక్షిస్తారు. చెట్టు వేళ్లు వదిలే గాలి నేల ఖాతాలో పడకుండా చుట్టూ కందకం తీసి వేళ్లను తెంచుతారు. ఎండాకాలం, వానాకాలం, పగలు, రాత్రి కొలవాలి. పక్కనే గొట్టం దింపి నీటి మట్టం రాసుకోవాలి. అడవి పైన ఎత్తైన టవరు కట్టి గాలి రాకపోకలను నిరంతరం లెక్కించే విధానమూ ఉంది. అన్నిటికంటే తేలికైనది, పీట్ కింది గట్టినేల దాకా ఒక కడ్డీ దింపి, నేల ఏటా ఎంత కుంగిందో చూడటం. సుమత్రా తోటల్లో నీరు తీసిన మొదటి ఐదేళ్లలో నేల దాదాపు మీటరున్నర కుంగింది. ఆ తర్వాత కూడా ఏటా ఐదు సెంటీమీటర్లు కుంగుతూనే ఉంది. ఆ కడ్డీని ఏ రైతైనా చదవగలడు.

అన్ని నేలలకూ ఒకే అంకె వేయడం కుదరదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, నీరు తీసిన పీట్ అడవి నేల హెక్టారుకు ఏటా వదిలే కార్బన్ శీతల ఉత్తర దేశాల్లో సారం లేని చోట 0.25 టన్ను, సారం ఉన్న చోట 0.93 టన్ను. ఉష్ణమండలంలో నీరు తీసి వేసిన అకేసియా తోటలో అయితే 20 టన్నులు. పేరు ఒకటే అయినా తేడా 80 రెట్లు.

ఫిన్లాండ్‌నే చూడండి. ఆ దేశపు పీట్ నేలల్లో దాదాపు సగానికి, ముఖ్యంగా 1960, 70 దశకాల్లో, ప్రభుత్వ ప్రోత్సాహంతోనే కాలువలు తీసి అడవి పెంచారు. అక్కడి అడవుల్లో సగానికి పైగా మామూలు కుటుంబాల చేతిలో ఉన్నాయి. 2021 సంవత్సరానికి భూమి, అడవుల ఖాతా కార్బన్‌ను పీల్చుకునేదిగా కాక వదిలేదిగా తేలిందని ఆ దేశ గణాంక సంస్థ ప్రకటించింది. ఇందులో నరికివేతలతో పాటు పీట్ అడవి నేలల వాటా కూడా ఉంది. నిన్న కాలువ తవ్వమన్నది ప్రభుత్వమే. ఇవాళ నీటి మట్టం పెంచమంటే ఆ ఖర్చు ఒక్క యజమాని నెత్తిన వేయడం ఏ న్యాయం?

ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. మనకు అలాంటి పీట్ అడవులు లేవు గానీ, అదే మూత డబ్బాను ఇప్పుడు వరి మడిలోనూ బోర్లిస్తున్నారు. మడిలో నీరు నిలిస్తే మీథేన్ వస్తుంది. నీళ్లు పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ పెట్టే పద్ధతిలో మీథేన్ తగ్గుతుంది, నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. తగ్గిన మీథేన్‌ను కార్బన్ క్రెడిట్లుగా అమ్మిపెడతామంటూ కంపెనీలు తెలుగు రాష్ట్రాల వరి రైతుల దగ్గరికీ వస్తున్నాయి. ఇలాంటి క్రెడిట్లకు ముద్ర వేసే వెర్రా సంస్థే 2024లో చైనాలోని 37 వరి మీథేన్ ప్రాజెక్టులను తనిఖీలో నిలవలేదని తిరస్కరించింది. కాగితం మీది లెక్క కూలిపోతే, మడి ఆరబెట్టిన రైతు కష్టానికి పూచీ ఎవరు?

నీటి పొదుపును, నేల రక్షణను మనం ఎప్పుడూ వ్యతిరేకించలేదు. కానీ కొన్ని విషయాలు స్పష్టంగా తేలాలని డిమాండ్ చేస్తున్నాం. మన నేలల్లో కొలతలను వ్యవసాయ విశ్వవిద్యాలయాలు బహిరంగంగా జరపాలి. రేగడి, చల్కా, డెల్టా ఒండ్రు నేలలకు వేరువేరుగా, మూడు వాయువులనూ లెక్కించాలి. ఏ పొలంలో కొలిచినా ఆ వివరాలు తెలుగులో ఆ రైతు చేతికి ఇవ్వాలి. సాగు చేసేది కౌలు రైతు అయితే ప్రతిఫలం కౌలు రైతుకే దక్కాలి. లెక్క తప్పితే నష్టం రైతు మీద పడకూడదని ఒప్పందంలో రాయాలి.

ఒప్పందం కాగితం చేతికి వస్తే సంతకం పెట్టే ముందు సంఘం గ్రామ కమిటీకి చూపించండి. ఏ కొలత ఆధారంగా ఆ అంకె వేశారో అడగండి. సమాధానం రాతపూర్వకంగా వచ్చేదాకా సంతకం ఆపండి.