శిశుతరగతియందు చేతిఫోను

మన పెద్దలు బిడ్డను వీధిలోనికి ఎత్తుకొని పోవునపుడు బుగ్గపై కాటుకచుక్క పెట్టుట మరువరు. పరుల చూపు తగులునని వారి భయము. ఆ భయము సరియా కాదా యని నేనిచ్చట వాదింపను. కాని చుక్క పెట్టిన చేతితోడనే నేడు ఆ బిడ్డ ఫోటో తీసి, మనము సగముమందిని ఎరుగని వాట్సాపు గ్రూపులకు పంపుచున్నాము. వీధిలోని కన్నులు పదియో యిరువదియో. గ్రూపునుండి గ్రూపునకు పోవు ఫోటోను చూచు కన్నులకు లెక్క లేదు. ఎన్నాళ్లు చూతురో దానికిని మితి లేదు.

చిన్నపిల్లలకు అంతర్జాలమువలన అపాయమనగానే, పిల్లవాడు తెరపై చూడరానిదేదో చూచునని తలంతుము. పదేండ్లవాని విషయమున అది ముఖ్యమే. శిశుతరగతియందు మాత్రము ఫోను బిడ్డ చేతిలో నుండదు. ఉపాధ్యాయిని చేతిలో నుండును. కావున అచ్చట ముందుగా కాపాడవలసినది బిడ్డను గూర్చి పెద్దలు బయటికి పంపు ఫోటోలను, వివరములను అని నా యభిప్రాయము.

తెర సంగతి రెండు మాటలలో ముగించెదను. ఏడాది నిండని బిడ్డకు తెర వలదనియు, 2 మొదలు 4 ఏండ్లవారికి దినమునకు గంట మించరాదనియు, తగ్గినకొలది మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది. ఎప్పుడైన పాట చూపవలసివచ్చినచో, ఉపాధ్యాయిని తాను ముందుగా కడవరకు చూచినదానినే చూపవలెను. యూట్యూబునందు ఒకటి ముగియగానే వేరొకటి తనంత తానే మొదలగును. ఆ వచ్చునది మనమెన్నుకొనినది కాదు.

ఇంగ్లండులోని ప్లిమతు నగరమునందలి ఒక శిశుపాఠశాలలో 2009లో ఒక ఘోరము బయటపడినది. అచ్చట పనిచేయు స్త్రీయొకతె తన సంరక్షణలోని పసివారియెడ దుష్కృత్యము లొనర్చి, వానిని తన చేతిఫోనుతో ఫోటోలు తీసి, అంతర్జాలమున పరిచయమైనవారికి పంపినది. ఆ యేడు డిసెంబరులో ఆమెకు శిక్ష పడినది. మరుసటి యేట వెలువడిన విచారణ నివేదికలో నన్ను మిక్కిలి కలచినది వేరొక సంగతి. తోడి యుద్యోగినులకు ఆమె నడవడి కొంత యసహ్యముగా తోచినను, అచ్చట ఆమెకున్న పలుకుబడివలన ఎదురాడలేకపోయిరట. పిదప 2012లో ఆ దేశప్రభుత్వము, ప్రతి శిశుపాఠశాలయు ఫోనుల వాడుకను, కెమేరాల వాడుకను తన రక్షణనియమములలో చేర్చి తీరవలెనని విధించినది. మంచిదే. కాని కాగితముమీది నియమమొక్కటి చాలునా? తరగతిలో ఫోను తీసిన పెద్ద పంతులమ్మగారితో నెలజీతపు ఆయా, “ఫోను బీరువాలో పెట్టుడమ్మా” యని నిర్భయముగా పలుకగలిగినప్పుడే ఆ నియమమునకు ప్రాణము వచ్చును. మన పాఠశాలలలో ఎన్నింట ఆయాకు ఆపాటి స్వాతంత్ర్యము కలదు?

అపకారము లోపలివారివలననే వచ్చుననుకొనరాదు. 2025 సెప్టెంబరులో లండనునందు శిశుపాఠశాలలు నడుపు కిడో అను సంస్థనుండి సుమారు 8,000 మంది పిల్లల ఫోటోలను, పేళ్లను, ఇంటి చిరునామాలను అపహరించితిమని కొందరు చాటి, సొమ్ము అడిగి, కొందరు పిల్లల వివరములను బయటపెట్టిరి. కొందరు తల్లిదండ్రులకు ఫోను చేసి బెదిరించుటయు జరిగినది. మరుసటి నెలలో ఈ విషయమున అనుమానముపై పోలీసులు పట్టుకొనిన యిరువురును 17 ఏండ్లవారు. మన పదవతరగతి విద్యార్థులకంటె రెండేండ్లు పెద్దవారు! పిల్లల ఫోటోలను ఆ పాఠశాలలవారు చెడు తలంపుతో దాచలేదు. తల్లిదండ్రుల సంతోషమునకే తీసిరి. దాచినది గనుకనే దొంగకు చిక్కినది.

మన యూళ్లలో దొంగకు అంత శ్రమయు అక్కరలేదు. ఎల్.కె.జి. బిడ్డ మెడలో వ్రేలాడు ఐడీ కార్డును చూడుడు. బిడ్డ పేరు, తరగతి, తండ్రి పేరు, తండ్రి ఫోను నంబరు అన్నియు అందే యుండును. ఫోటోను వ్రేళ్లతో పెద్దది చేసినచో నంబరు చదువవచ్చును. పుట్టినరోజు ఫోటోలో కేకుమీద పేరు, పక్కన బుడగలపై వయస్సు, వెనుక గోడపై పాఠశాల పేరు. వేసవిలో నీళ్లాటలాడించి, తడిసిన పిల్లలను అట్లే ఫోటో తీసి పంపుట యింకను అవివేకము. మామూలు ఫోటోనుండియే కృత్రిమమేధతో అశ్లీలచిత్రము కల్పించు యంత్రములు నేడున్నవి.

ఇందుకు కొందరు తల్లులు నొచ్చుకొందురు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. ఉదయము బిడ్డను దించి ఆఫీసునకు పోయినామెకు మధ్యాహ్నము వచ్చిన ఫోటో పెద్ద ఓదార్పు. కువైటులోనో దుబాయిలోనో కష్టపడు తండ్రి బిడ్డ ఎదుగుదలను ఫోనులోనే చూచుకొనవలెను. ఆ సంతోషమును తీసివేయుమని నేననను. ఆ బిడ్డ ఒక్కతెయే యున్న ఫోటోను ఆ తండ్రికే పంపవలెను. ముప్పదిమంది పిల్లలున్నదానిని అరువదిమందికి పంపరాదు. ఒక్కొక్కరికి వేరువేరుగా పంపుట పంతులమ్మకు శ్రమయే. కావున దినమునకు పదిసారులు మాని, నెలకొకమారు పాఠశాల ఫోనుతో పంపవచ్చును. ఆమె సొంతఫోనులో మాత్రము ఏ బిడ్డ ఫోటోయు ఉండరాదు.

అంగన్‌వాడీ కార్యకర్తల కష్టము వేరు. కేంద్రము తెరచినట్లు, గ్రుడ్డు వడ్డించినట్లు పైవారికి ఫోటోలు పంపుట అనేకచోట్ల పరిపాటియైనది. పంపకున్న సంజాయిషీ ఇచ్చుకొనవలసినది ఆమెయే. ఆమెను నిందించుట తగదు. అడుగువారు ఒక్క మార్పు చేసిన చాలును: కంచములను, గ్రుడ్లను, హాజరుపట్టీని చూపుమనవచ్చును, పిల్లల ముఖములేల?

మన దేశమున 2023లో వ్యక్తిగత సమాచార రక్షణచట్టము చేయబడినది. 18 ఏండ్లలోపు వారి వివరములను కంప్యూటరులలో వాడుటకు తల్లిదండ్రుల యంగీకారము కావలెనని అందు కలదు. ఇచ్చిన యంగీకారమును అంతే సులభముగా వెనుకకు తీసికొనవచ్చుననియు కలదు. ప్రవేశపత్రము చివర చిన్న యక్షరములలో నున్న యొక్క వాక్యముక్రింద చేసిన సంతకము అట్టి యంగీకారమగునా యని నా సందేహము. ఫోటోకు వేరు కాగితము, వేరు సంతకము ఉండవలెను. “వలదు” అను తల్లి బిడ్డను గ్రూపుఫోటో నాడు మూలను నిలబెట్టి చిన్నబుచ్చరాదు.

ఈ సందర్భమున మన వార్షిక సంచిక సంపాదకవర్గమునకు ఒక విన్నపము. శిశుతరగతి గ్రూపుఫోటో క్రింద ఎడమనుండి కుడికి వరుసగా పేళ్లు అచ్చువేయుట మన పాత యలవాటు. సంచిక అచ్చు ప్రతులుగానే యుండి ఇండ్ల బీరువాలలో నిలిచిన దినములలో దానివలన హాని లేకుండెను. ఇప్పుడు అదే సంచిక పి.డి.ఎఫ్. గా ఫోనులందు తిరుగుచున్నది. ఈ యేటినుండి ఆ ఫోటో క్రింద “శిశుతరగతి” అని మాత్రము వేసి, పేళ్ల జాబితాను పాఠశాల కార్యాలయములోని రిజిస్టరునందు వ్రాసియుంచుడు. ముప్పది యేండ్ల తరువాత తమ పేరు వెదకుకొన వచ్చువారికి గుమాస్తాగారు చూపగలరు.