ఒక్కడే ఆర్కెస్ట్రా!

మొన్నటిదాకా మా టీమ్‌లో నలుగురం. ఇప్పుడు నేనొక్కడినే. పని మాత్రం నలుగురిదీ అలాగే ఉంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే మోగేది నా ఫోనే. "నువ్వొక్కడివే లాగించేస్తావ్‌లే" అన్నాడు మేనేజర్. నిజం చెప్పొద్దూ, మొదట్లో గర్వంగానే అనిపించింది.

అలాంటి ఓ రాత్రి నిద్ర ఆపుకోవడానికి యూట్యూబ్ తిప్పుతుంటే లూయీ వియెర్న్ రాసిన ఆర్గాన్ సింఫనీ నంబర్ 1 తగిలింది. సింఫనీ అంటే పెద్ద ఆర్కెస్ట్రా ఉండాలి కదా? వీడియోలో ఉన్నది ఒకే ఒక్కడు! ఇదేదో నా కథలా ఉందే అని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా.

దీన్లో ఆరు భాగాలు. మీరు చివరిది వినండి చాలు. పైన చేతులు ఆగకుండా పరుగెడుతుంటే, కింద అసలు ట్యూన్‌ని కాళ్లు వాయిస్తాయి. అవును, కాళ్లే! పైప్ ఆర్గాన్‌కి కాళ్ల దగ్గర కూడా కీబోర్డు ఉంటుంది. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కవయే-కోల్ అనే ఆయన ఫ్లూట్, ఒబో, ట్రంపెట్ లాంటి గొంతులన్నీ పలికే భారీ ఆర్గాన్లు తయారుచేశాడు. వాటి వల్లే ఒక్క వాద్యానికి సింఫనీ రాయాలన్న ధైర్యం వచ్చింది.

వియెర్న్ 1870లో పుట్టాడు. పుట్టుకతోనే చూపు దాదాపు లేదు. ఆపరేషన్‌తో కాస్త వచ్చిందంతే. ఈ సింఫనీ 1899 నాటిది. మరుసటి ఏడాదే పోటీలో నెగ్గి పారిస్‌లోని నోట్రడామ్ చర్చి ఆర్గానిస్ట్ అయ్యాడు. 2019లో మంటలంటుకుందే, ఆ చర్చే. ఆర్గాన్ మాత్రం బతికి బయటపడింది. 1906లో వీధిలో పడి కాలు విరిగితే, కాళ్లతో వాయించడం మళ్లీ నేర్చుకున్నాడు. 1937 జూన్ 2న కచేరీ మధ్యలో, ఆ ఆర్గాన్ దగ్గరే కుప్పకూలి చనిపోయాడు.

ఇక్కడిదాకా చదివి, 'మనిషంటే ఇలా ఒంటరిగా పోరాడాలి' అనుకున్నా. ఇంకొంచెం చదివితే సీన్ మారిపోయింది. ఆ చివరి కచేరీలో ఆయన పక్కన మొరీస్ దురుఫ్లే అనే మరో ఆర్గానిస్ట్ ఉన్నాడు. కచేరీల్లో ఆర్గాన్ స్వరాలు మార్చే మీటలు లాగడానికి పక్కన మనుషులుంటారట. వియెర్న్ అక్కడ చేరిన రోజుల్లోనైతే తిత్తులు తొక్కి గాలి నింపడానికీ మనుషులే. వాళ్లు కాళ్లు ఆపేస్తే ఎంతటి విద్వాంసుడికైనా ఒక్క స్వరం పలకదు.

వాయించేది ఒక్కడే. కానీ ఒక్కడి వల్ల అయ్యే పని కాదది.

మర్నాడు మేనేజర్‌కి మెయిల్ రాశా. ఇంకో ఇద్దరు కావాలి, లేకపోతే రాత్రి కాల్స్ తీసుకోలేనని. సెండ్ నొక్కేముందు వేలు ఆగింది. ఈఎంఐ గుర్తొచ్చింది. అమ్మ మందులు గుర్తొచ్చాయి. నొక్కేశా.

జవాబు ఇంకా రాలేదు. ఈ రాత్రి కూడా ఆ ఫోన్ నా దగ్గరే ఉంది. హెడ్‌ఫోన్స్ కూడా.