నురగలో ఎరుపు కనిపిస్తే ఆగకండి

రేపు పొద్దున పళ్లు తోముకున్నాక, కుళాయి తిప్పే ముందు ఒక్క క్షణం బేసిన్‌లోకి చూడండి. నురగ తెల్లగా ఉంటే సంతోషం. లేత గులాబీ రంగులో ఉన్నా, సన్నటి ఎర్రజీర కనిపించినా ఈ నాలుగు మాటలు మీకోసమే.

ఆ ఎరుపు మనలో చాలామందికి కొత్త కాదు. బ్రష్ గట్టిగా తగిలిందనుకుంటాం. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతాం. కొందరైతే నెత్తురొచ్చే వైపు తోమడమే మానేస్తారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. అక్కడ పాచి పేరుకున్నందువల్లే చిగురు వాచి నెత్తురు కారుతోంది. తోమడం మానితే పాచి ఇంకా పేరుకుంటుంది.

మా చిన్నాన్న బడిపంతులు. నలభై దాటినప్పటి నుంచి ఆయన చిగుళ్లలో నెత్తురు. ఊళ్లో పిల్లలందరికీ శుభ్రత గురించి చెప్పేవాడు. తన పళ్ల సంగతి ఎత్తితే మాత్రం "నొప్పే లేదు కదరా, ఊరికే డాక్టరుకి డబ్బులు పొయ్యడం దేనికి?" అనేవాడు. నిజమే, నొప్పి లేదు. ఒక సంక్రాంతికి చెరకు గడ చేతికిస్తే ముక్కలు కోసి ఇమ్మన్నాడు. మరుసటి ఏడు ముక్కలూ వద్దన్నాడు. ఆపై ఏడు, ఇడ్లీ తింటుంటే ముందరి పన్ను ఊడి చేతిలోకొచ్చింది. అప్పుడూ నొప్పి లేదు.

ఈ జబ్బు చేసే మోసమంతా అక్కడే ఉంది. పుచ్చిపన్ను సలుపుతుంది, రాత్రి నిద్ర పోనివ్వదు, మనల్ని లాక్కెళ్లి డాక్టరు కుర్చీలో కూలేస్తుంది. చిగుళ్ల జబ్బు అలా కాదు. ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా పని కానిస్తుంది. తీవ్రమైన చిగుళ్ల జబ్బుతో ఉన్నవారు ప్రపంచంలో వంద కోట్లకు పైనే ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో అంచనా వేసింది. వారిలో ఎందరికి తమకు జబ్బున్నట్టు తెలుసో!

లోపల జరిగేది ఇది. తిన్న తర్వాత పళ్లమీద మెత్తటి పాచి చేరుతుంది. అది బ్రష్‌తో పోతుంది. వదిలేస్తే, ఉమ్మిలో ఉండే లవణాలతో కలిసి కొన్ని రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుందే, అలాంటిదే. ఇక దాన్ని ఏ పేస్టూ కదిలించలేదు, పనిముట్టుతో తీయాల్సిందే. ఆ గార చిగురు కిందికి పాకుతుంది. చిగురు పన్నును వదిలి సంచిలా జారుతుంది. ఆ సంచిలో క్రిములు కాపురం పెడతాయి. పన్నును పట్టి ఉంచే ఎముక మెల్లగా కరుగుతుంది. చిగురు వాచిన దశలోనే శుభ్రం చేయిస్తే పూర్తిగా మామూలవుతుంది. ఎముక కరిగాక జబ్బును ఆపగలరేమో కానీ, పోయిన ఎముక చాలావరకు పోయినట్టే. అందుకే ఇంత తొందరపెడుతున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్లను కాస్త గమనించండి. జంతికలు పక్కకు నెడుతున్నారా? జామకాయ కోసిస్తేనే తింటున్నారా? అన్నం ఎప్పుడూ ఒకే దవడతో నములుతున్నారా? నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారా? ముందరి పళ్ల మధ్య ఇదివరకు లేని సందు కనిపిస్తోందా? పళ్లు మునుపటికన్నా పొడుగైనట్టున్నాయా? పన్ను పెరగదు, చిగురు దిగిపోయిందన్నమాట. ఎంత తోమినా నోటి వాసన పోకపోవడం, చిగురు నొక్కితే చీము రావడం, నాలుకతో తోస్తే పన్ను కదలడం కూడా గుర్తులే. నోటి వాసన సంగతి కట్టుకున్నవాళ్లు కూడా మొహమాటపడి చెప్పరు. మీరే అడగండి.

షుగర్ ఉన్నవారికి ఇది రెండింతల హెచ్చరిక. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా చెడతాయి. చిగుళ్లలో చీము ఉంటే షుగర్ అదుపులోకి రానని మొరాయిస్తుంది. చిగుళ్లకు చికిత్స చేయించుకున్నాక మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ కొంత తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఏటా కంటి పరీక్ష, పాదాల పరీక్ష చేయించుకునే షుగర్ రోగులు కూడా నోరు చూపించుకోవడం మర్చిపోతున్నారు. మీ షుగర్ డాక్టరు అడగకపోయినా మీరే ఎత్తండి ఆ మాట.

గర్భిణుల్లో హార్మోన్ల మార్పువల్ల చిగుళ్లు ఉబ్బి నెత్తురు రావడం మామూలే. మామూలే కదా అని ఊరుకోకూడదు. కడుపుతో ఉండగా పళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లకూడదన్నది అపోహ. నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు శుభ్రం చేయించుకోవడానికి అనువైన కాలం. కడుపుతో ఉన్న సంగతి ముందే చెబితే చాలు. కొన్ని మందులవల్లా చిగుళ్లు ఉబ్బుతాయి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే కొన్ని మాత్రలు చిగుళ్లను పళ్లమీదికి పెరిగేలా చేస్తాయి. అలా అనిపిస్తే మాత్ర మీరే ఆపెయ్యకండి, రాసిన డాక్టరుకు చూపించండి.

బీడీ, సిగరెట్, చుట్ట కాల్చే అన్నదమ్ములకు ప్రత్యేకంగా ఒక మాట. పొగ చిగుళ్లలోని రక్తనాళాలను కుదిస్తుంది. అంటే ఎముక కరుగుతున్నా మీకు నెత్తురు కనిపించకపోవచ్చు. మీ నురగ తెల్లగా ఉందని ధీమా పడటానికి లేదు. మాన్పించాలనే నా కోరిక. మానలేకపోతే, కనీసం ఆరు నెలలకోసారి చూపించుకోండి. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీల్చే తల్లులున్నారు. వాళ్ల అంగిలి మీద తెల్లమచ్చలు, పుండ్లు కనిపిస్తే అది చిగుళ్ల సంగతి కాదు, క్యాన్సరేమో చూడాల్సిన సంగతి. గుట్కా, ఖైనీ దవడలో దాచుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. రెండు వారాల్లో మానని పుండు ఏదైనా సరే చూపించుకోవాలి.

ఇక మనల్ని ఇంట్లోనే కట్టిపడేసే మాటలు కొన్ని ఉన్నాయి. గార తీయిస్తే పళ్లు వదులైపోతాయంటారు. పన్ను అప్పటికే వదులైంది, గార దాన్ని పెచ్చులా పట్టి నిలబెట్టింది. గార తీశాక నిజం కనబడుతుంది, అంతే. నాలుగు రోజులు చల్లటి నీళ్లు జివ్వుమంటాయి, తర్వాత సర్దుకుంటుంది. పై పన్ను పీకిస్తే చూపు పోతుందంటారు. పంటి నరం వేరు, చూపు నరం వేరు. బొగ్గుపొడి, ఇటుకపొడితో తోమితే తళతళలాడతాయంటారు. ఎనామిల్ అరిగిపోతోందని అర్థం, అది మళ్లీ రాదు. వేపపుల్లను నేను తప్పుపట్టను, మా తాతలూ వాడారు. కానీ పంటికీ పంటికీ మధ్యకు పుల్ల దూరదు, ఫ్లోరైడ్ పేస్టు చేసే పని అది చెయ్యలేదు.

మచ్చల సంగతీ ఒకటి చెప్పాలి. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో గోధుమరంగు పళ్లున్న పిల్లలను సరిగ్గా తోముకోరని తిడుతుంటారు. అది పాచి కాదు, నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట నమోదు చేసిందే 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ పిల్లలను తిట్టకండి, గరుకు పొడులతో రుద్దకండి. మచ్చ ఉన్నంత మాత్రాన చిగురు చెడినట్టూ కాదు, మచ్చ లేనంత మాత్రాన బాగున్నట్టూ కాదు.

మందుల షాపు వైద్యం ఇంకా భయపెడుతుంది. పన్ను సలిపితే ఒక నొప్పి మాత్ర, ఒక యాంటీబయాటిక్, మూడు రోజుల కోర్సు. నొప్పి పోతుంది. పోవడమే ప్రమాదం, లోపల నరం చచ్చిపోయి ఉండవచ్చు, చీము మాత్రం అక్కడే ఉంటుంది. కిడ్నీలు బలహీనంగా ఉన్న బీపీ, షుగర్ రోగులకు ఆ నొప్పి మాత్రలు వేరే చేటు తెస్తాయి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. దవడ కింద, మెడ వైపు వాపు వచ్చి, నోరు తెరుచుకోక, మింగడం కష్టమై, జ్వరం కూడా ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. ఆ చీము గొంతును మూసేయగలదు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పొండి, క్లినిక్ తెరిచేదాకా చూడొద్దు.

మీ మనసులో ఉన్న అసలు ప్రశ్న నాకు తెలుసు. ఖర్చు. దాని గురించే దాపరికం లేకుండా మాట్లాడుకుందాం.

మన నగరాల్లో ప్రైవేటు క్లినిక్‌లో పళ్లు శుభ్రం చేయడానికి ఇవాళ సుమారు 800 నుంచి 2,000 రూపాయలు అడుగుతారు. చిన్న పుచ్చుకు ఫిల్లింగ్ వెయ్యి అటూ ఇటూ. పుచ్చు నరం దాకా దిగితే రూట్ కెనాల్, పైన క్యాప్ కలిపి 8,000 నుంచి 15,000. పన్నే పోతే ఇంప్లాంట్ 25,000 పైమాట, కొన్ని చోట్ల 40,000 దాటుతుంది. ఊరిని బట్టి, డాక్టరును బట్టి ఈ అంకెలు మారతాయి, మెట్లు మాత్రం ఎక్కడైనా ఇవే. లెక్క వేసుకోండి. వెయ్యి చొప్పున ఏడాదికి రెండుసార్లు పదేళ్లపాటు శుభ్రం చేయించుకుంటే 20,000. ఒక్క ఇంప్లాంటుకు అది చాలదు. చిగుళ్ల జబ్బు ఒక్క పన్నుతో పోయేదీ కాదు, వరుస వరుసనే పట్టుకెళుతుంది. పైగా ఇంప్లాంట్ పెట్టాలన్నా ఎముక ఉండాలి. చిగుళ్లు బాగుచేయించకుండా పెట్టించుకుంటే దాని చుట్టూ ఉన్న ఎముకా అలాగే కరుగుతుంది. మా చిన్నాన్న "ఊరికే పోస్తామా" అన్న డబ్బు కన్నా కట్టుడు పళ్లకు పోసింది చాలా ఎక్కువ. ఆ సెట్టు కూడా ఆయన తినేటప్పుడు తీసి గ్లాసులో వేసేవాడు.

ఆరోగ్య బీమా ఉందిలే అని నిశ్చింతగా ఉండకండి. మామూలు పాలసీలు దంత చికిత్సకు సాధారణంగా ఇవ్వవు, ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితే తప్ప. మీ పాలసీ కాగితం ఈ రాత్రే తీసి చూడండి. ఈఎస్ఐ కార్డు ఉన్నవారు మాత్రం వాళ్ల ఆసుపత్రిలో పళ్లు చూపించుకోవచ్చు, చాలామంది కార్మికులకు ఆ సంగతే తెలియదు. చదువుకు అమెరికా వెళ్లే పిల్లలున్నవారు విమానం టికెట్‌కన్నా ముందు పళ్లు చూపించండి. అక్కడ ఒక్క రూట్ కెనాల్ బిల్లు చూసి, నొప్పి ఓర్చుకుంటూ సెలవుల్లో ఇంటికొచ్చేదాకా మాత్రలమీద బతికే పిల్లలున్నారు.

చేతిలో డబ్బు లేకపోతే దారి లేదని కాదు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. విజయవాడలో, కడపలో కూడా ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో పళ్ల డాక్టరు ఉంటారు. ప్రైవేటు దంత కళాశాలల ఓపీల్లోనూ బయటికన్నా చాలా తక్కువకు చేస్తారు. చేసేది విద్యార్థులు, పక్కన ప్రొఫెసర్ నిలబడి చూస్తారు. ఆలస్యమవుతుంది, రెండు పూటలు పోవచ్చు. పన్ను పోవడం కన్నా పూట పోవడం నయం కదా.

రోడ్డు పక్కన పెట్టె పరుచుకుని, అద్దం పెట్టుకుని, గంటలో పన్ను కట్టిస్తామనే వారి దగ్గర మాత్రం కూర్చోకండి. వాళ్లూ పొట్టకూటికే చేస్తున్నారు, నాకు కోపం లేదు. కానీ పక్క పళ్లకు అతికించే ఆ ప్లాస్టిక్ కింద పాచి తప్ప ఇంకేమీ పెరగదు. బాగున్న పళ్లు కూడా దానితోపాటే పోతాయి. క్లినిక్‌లోనూ మొహమాటపడకండి. డాక్టరు బీడీఎస్ చదివారా, డెంటల్ కౌన్సిల్ నమోదు ఉందా చూడండి. పనిముట్లు ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టారా అని అడగండి. గీతలున్న సన్నటి కడ్డీతో చిగురు లోతు కొలిచారా చూడండి. మూడు మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదు, అంతకు మించితే ఏం చేయాలో చెప్పమనండి. చెయ్యబోయే పనీ, ఖర్చూ కాగితం మీద రాసివ్వమనండి. ఎక్స్‌రే తెచ్చుకోండి. పెద్ద బిల్లయితే అడ్వాన్స్ కట్టే ముందు ఇంకొకరికి చూపించండి. మంచి డాక్టరెవరూ దానికి కోప్పడరు. గుండె కవాటం మార్చినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎముకల బలానికి ఇంజెక్షన్లు తీసుకునేవారు కుర్చీలో కూర్చోకముందే ఆ సంగతి చెప్పండి.

పిల్లల విషయం ఒక్కటే చెబుతాను. ఆరో ఏట పాలపళ్ల వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. అది పాలపన్నే, ఊడిపోతుందిలే అని వదిలేస్తారు. అది ఊడేది కాదు, ముసలితనం దాకా నమలాల్సిన పన్ను. పదేళ్లకే పుచ్చి పీకేయాల్సి వస్తున్నది ఎక్కువగా దాన్నే.

ఈ ఆదివారం మీ అమ్మానాన్నలను వీధి అరుగు మీద వెలుతురులో కూర్చోబెట్టండి. పెదవి పైకెత్తి చూడండి. చిగురు లేత గులాబీగా బిగుతుగా ఉందా, ఎర్రగా ఉబ్బి మెరుస్తోందా చూడండి. వాళ్లు చెయ్యి తోసేస్తారు. "నొప్పే లేదు కదరా" అంటారు. ఆ మాట విన్నారంటే సోమవారం పొద్దున్నే ఓపీ చీటీ రాయించండి.