‘నక్కో’ అనగలిగే హక్కు

మన సభల్లోనూ, మన వ్యాసాల్లోనూ తరచుగా వినిపించే పదం ‘గొంతు’. మైనారిటీల గొంతు చట్టసభల్లో వినిపించాలని అడుగుతాం. మన తరఫున మరెవరో మాట్లాడితే ఒప్పుకోబోమంటాం. మా సమస్య ఏమిటో మమ్మల్నే అడగండని పాలకులను నిలదీస్తాం. ఈ డిమాండ్లన్నీ న్యాయమైనవే. అయితే ఇదే కొలబద్దను మన ఇళ్లకూ పెట్టి చూసుకున్నప్పుడు మనం ఎక్కడ నిలుస్తాం? ఈ వ్యాసం అడగదలచిన ప్రశ్న అది.

మనలో చాలామంది చూసిన దృశ్యమే ఇది. ఇంట్లో దావత్ జరుగుతోంది. చక్రాల కుర్చీలో పన్నెండేళ్ల పిల్లవాడు ఉన్నాడు. సెరిబ్రల్ పాల్సీ వల్ల అతనికి మాట రాదు. వచ్చిన చుట్టం అతని వైపు చూడకుండానే తల్లిని అడుగుతాడు: “వీడు ఏం తింటాడు?” ఆమె జవాబు చెబుతుంది. “మనం మాట్లాడేది వీడికి అర్థమవుతుందా?” దానికీ ఆమే జవాబు చెబుతుంది. నోటికి ముద్ద అందిస్తే పిల్లవాడు తల పక్కకు తిప్పేస్తాడు. “మొండివాడు” అని నవ్వుకుంటారు. కడుపు నిండిందో, కారం మండిందో, తన ఈడు పిల్లలతో దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చోవాలని ఉందో చెప్పే దారి అతనికి లేదు. ప్రేమకు కొదవలేని ఇల్లు అది. కానీ దక్కనీ మాట్లాడే మన ఇళ్లలో రోజుకు నూరుసార్లు దొర్లే ‘నక్కో’ అనే చిన్న మాట ఆ పిల్లవాడికి మాత్రం అందుబాటులో లేదు.

ఆ మాటను అందించే మార్గాలు ఉన్నాయి. వాటిని ఆగ్మెంటేటివ్ అండ్ ఆల్టర్నేటివ్ కమ్యూనికేషన్ అని, క్లుప్తంగా ఏఏసీ అని పిలుస్తున్నారు. మన భాషలో చెప్పుకోవాలంటే, ఉన్న కాస్త మాటకు తోడుగానో, లేని మాటకు బదులుగానో నిలిచే పద్ధతులు. సైగలు, కనుచూపు, బొమ్మలు అతికించిన అట్టముక్క, అక్షరాల పలక, తాకితే బొమ్మ పేరును బిగ్గరగా పలికే టాబ్లెట్ – ఇవన్నీ ఈ కోవలోకే వస్తాయి. 1985లో శస్త్రచికిత్స వల్ల మాట కోల్పోయిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా కంప్యూటర్ గొంతుతోనే ప్రపంచంతో మాట్లాడారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ముంబయి రచయిత్రి మాలినీ చిబ్ ఒక్క చిటికెన వేలితో టైపు చేస్తూ తన ఆత్మకథ రాశారు. అందుకే ఆ పుస్తకానికి ‘వన్ లిటిల్ ఫింగర్’ అని పేరు పెట్టారు.

ఇది పిల్లల సమస్య మాత్రమే కాదు. పక్షవాతంతో మాట పడిపోయిన దాదా, గొంతు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయిన మామూ, మోటార్ న్యూరాన్ వ్యాధితో నాలుక కదలని ఆపా, ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద స్పృహతోనే ఉన్న రోగి – వీరందరిలోనూ ఆలోచన ఉంది, అభిప్రాయం ఉంది. ఆ అభిప్రాయం బయటికి వచ్చే తలుపు మాత్రమే మూసుకుపోయింది.

బొమ్మల పలక మాట ఎత్తగానే తల్లిదండ్రులు వెలిబుచ్చే భయం ఒకటుంది: “దీనికి అలవాటు పడితే రాబోయే మాట కూడా రాకుండా పోదా?” ఈ భయాన్ని కొట్టిపారేయనవసరం లేదు. దీనికి జవాబు చెప్పాలి. మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను పరిశీలించి 2006లో ఒక సమీక్ష ప్రచురించారు. వాటిలో నమ్మదగిన పద్ధతిలో జరిగినవాటిని ఏరి, అందులోని 27 మంది ఫలితాలను చూశారు. ఏఏసీ వల్ల ఒక్కరికి కూడా మాట తగ్గలేదు. అత్యధికులకు ఎంతో కొంత పెరిగింది కూడా. కనుక మాట వచ్చేదాకా ఆగుదామని సంవత్సరాలు గడపడం వల్ల పిల్లలకు జరిగేది నష్టమే. భాష నేర్చుకోవలసిన లేత వయసు తిరిగి రాదు.

ఇక ఆ పలక మీద ఏముండాలి? సాధారణంగా మనం నీళ్లు, అన్నం, మూత్రశాల అనే మూడు బొమ్మలు పెట్టి పని పూర్తయిందనుకుంటాం. ఆ మూడింటితో మనిషి తన అవసరాన్ని తెలపగలడేమో గాని, తనను తాను తెలపలేడు. ‘కావాలి’తో పాటు ‘నక్కో’ ఉండాలి. ‘ఇంకా’, ‘చాలు’, ‘నొప్పి’, ‘భయం’, ‘కోపం’, ‘ఎందుకు’, ‘నేను చెప్పింది అది కాదు’ అనేవి ఉండాలి. సలాం చెప్పడానికి, చమత్కరించడానికి, తమ్ముడి మీద ఫిర్యాదు చేయడానికి వీలుండాలి. శరీర భాగాల పేర్లన్నీ, సిగ్గుపడకుండా, ఉండాలి. ఒంటి మీద ఎవరైనా తప్పుడు చెయ్యి వేస్తే చెప్పుకోవడానికి మాట లేని పిల్ల ఎంత నిస్సహాయురాలో ఆలోచించండి. మన ఆడపిల్లల భద్రత గురించి ఇంతగా మాట్లాడే మనం, ఆ భద్రతకు తొలిమెట్టు ‘వద్దు’ అనగలగడమేనని మరువరాదు.

ఆ మాటలు ఏ భాషలో ఉండాలన్నది మనకు మరింత ముఖ్యమైన ప్రశ్న. చాలా ముస్లిం కుటుంబాల్లో ఇంటి భాష ఉర్దూ లేదా దక్కనీ, వీధి భాష తెలుగు, బడి భాష ఇంగ్లీషు. దూదేకుల కుటుంబాల్లో చాలావరకు ఇంటి భాష తెలుగే. నిపుణుడు ఇంగ్లీషు బొమ్మల పలక చేతికిచ్చి, “ఒకే భాషకు అలవాటు చేయండి” అన్నాడనుకోండి. అమ్మ ‘పానీ’ అంటుంది, నానీ కూడా ‘పానీ’ అంటుంది, టాబ్లెట్ మాత్రం ‘వాటర్’ అంటుంది. అప్పుడు ఆ పిల్లవాడు తన ఇంట్లోనే పరాయివాడవుతాడు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు భాషా మైనారిటీల పిల్లలకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350–ఏ అధికరణం చెబుతోంది. ఉర్దూను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో రెండవ అధికార భాషగా గుర్తించాయి. భాష కోసం ఇంత పోరాడిన సమాజం, మాట రాని పిల్లల చేతిలోని పలక కూడా వారి ఇంటి భాషలో పలకాలని అడగవద్దా? అడగడమే కాదు, మనమే తయారు చేసుకోవచ్చు. ఒక కాగితం, కొన్ని బొమ్మలు, ఆ ఇంట్లో వాడే మాటలు ఉంటే మొదటి పలక ఈ రాత్రికే సిద్ధమవుతుంది.

పలక ఇవ్వగానే పిల్లవాడు మాట్లాడడు. మనం మాట్లాడేది విని విని పసిపిల్లలు మాట నేర్చినట్లే, మనం పలకను వాడుతుంటే చూసి చూసి అతను నేర్చుకుంటాడు. “పానీ హోనా?” అని అడిగేటప్పుడు ‘పానీ’ బొమ్మనూ ‘హోనా’ బొమ్మనూ మన వేలితో చూపాలి. అబ్బా, అమ్మీ మాత్రమే కాదు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ, ట్యూషన్ చెప్పే ఉస్తాద్ కూడా అలాగే చేయాలి. అడిగిన తర్వాత ఆగాలి. మనకు ఒక్క క్షణంలో వచ్చే జవాబు, చేయి తన మాట వినని మనిషికి పది, ఇరవై క్షణాలు పట్టవచ్చు. ఆ మౌనాన్ని భరించలేక మనమే జవాబు పూరించేస్తాం. ఇంట్లో మనం మానుకోవలసిన మొదటి అలవాటు ఇదే. “అమ్మ ఏదీ, చూపించు, శభాష్” అంటూ పలకను పరీక్షా పత్రంగా మార్చకూడదు. అల్లరి చేశాడని దాన్ని లాక్కోకూడదు. కోపం వచ్చిందని పిల్లల నాలుకను ఎవరం కట్టెయ్యం కదా!

మరొక జాగ్రత్త. అతని చేయి పట్టుకుని అక్షరాల మీదికి నడిపించి “చూడండి, ఎంత చక్కగా చెప్పాడో” అనకూడదు. అలా వచ్చిన మాటలు పట్టుకున్నవారివేనని ఎన్నో పరీక్షల్లో తేలింది. వారికి తెలియకుండానే అలా జరుగుతుంది. కుర్చీ, పలక, మోచేతికి ఊతం అమర్చి ఇవ్వవచ్చు. ఎంచుకోవడం మాత్రం అతనిదే కావాలి. చెయ్యి కదలకపోతే చూపు, చూపు నిలవకపోతే రెప్పపాటు – అతని వశంలో ఉన్న కదలిక ఏదో వెదికి పట్టుకోవాలి.

సైగను మాటగా గుర్తించడం మనకు కొత్తదేమీ కాదు. జకరియా (అ) మూడు రోజులు సైగలతోనే తన జనంతో మాట్లాడిన వృత్తాంతం, నిందలు మోస్తూ వచ్చిన మర్యమ్ జవాబుగా పసిబిడ్డ వైపు చూపిన వృత్తాంతం మన పిల్లలందరికీ తెలుసు. హనఫీ ఫిఖ్ ఆధారంగా 19వ శతాబ్దంలో ఉస్మానియా ఖిలాఫత్ క్రోడీకరించిన మజల్లాలోని 70వ సూత్రం, మూగవారి వాడుక సైగ నోటిమాటతో సమానమని చెబుతుంది. నికాహ్‌లోనైనా ఆస్తి పంపకంలోనైనా “అతనికేం తెలుసు” అని పక్కన కూర్చోబెట్టేవారు ఆ సూత్రాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

దేశ చట్టమూ ఈ హక్కును గుర్తించింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ‘కమ్యూనికేషన్’ నిర్వచనంలోనే ఈ ప్రత్యామ్నాయ పద్ధతులను చేర్చింది. వాటి వాడకాన్ని ప్రోత్సహించే బాధ్యతను 17వ సెక్షన్ ప్రభుత్వాలపై, స్థానిక సంస్థలపై ఉంచింది. వికలాంగులు ఎంచుకున్న భాషలో, ఎంచుకున్న పద్ధతిలో వారి సాక్ష్యాన్ని నమోదు చేసే సదుపాయాలు ఉండాలని 12వ సెక్షన్ చెబుతోంది. పోక్సో చట్టం కింద వాంగ్మూలం ఇచ్చే బాలలకు వైకల్యం ఉంటే, వారి భావవ్యక్తీకరణ తీరు తెలిసిన వ్యక్తి సహాయం తీసుకోవచ్చు. అయితే ఆ తీరు ఇంట్లో, బడిలో ముందే ఏర్పడి ఉంటేనే న్యాయస్థానంలో అక్కరకు వస్తుంది.

సహాయం చేసే సంస్థలు మనకు దూరంగా లేవు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ ఉంది. మాట, వినికిడి లోపాల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ అక్కడే ఉంది. ఈ రెండవ సంస్థకు పెట్టిన పేరు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరే. చెన్నైలో రూపొందిన ‘ఆవాజ్’, ఐఐటీ బొంబాయి రూపొందించిన ‘జెల్లో’ అనే యాప్‌లు భారతీయ భాషల్లో వాడుకలో ఉన్నాయి. యాప్‌ను ఎంచుకునే ముందు, మన ఇంటి మాటను మన గొంతుతోనే రికార్డు చేసుకునే వీలుందా అని అడగండి.

ఉపాధి, చదువు, భద్రత వంటి పెద్ద సమస్యలుండగా ఇప్పుడు ఇదెందుకని కొందరికి అనిపించవచ్చు. ‘ఇప్పుడు కాదు, ముందు పెద్ద సమస్యలు తీరనివ్వండి’ అనే జవాబును మైనారిటీలుగా మనం ఎన్నిసార్లు విన్నాం! ఆ జవాబును మన ఇంటి బలహీనులకు మనమే అప్పగించవద్దు. మస్జిద్ కమిటీలు జుమా రోజున ఒక పది నిమిషాలు దీనికి కేటాయించవచ్చు. జకాత్, సదఖా నిధులు చూసే సంఘాలు అర్హులైన కుటుంబాలకు ఒక టాబ్లెట్, కొన్ని నెలల స్పీచ్ థెరపీ సమకూర్చవచ్చు. మైనారిటీ గురుకులాల్లో, ఉర్దూ మాధ్యమ పాఠశాలల్లో స్పీచ్ థెరపిస్టుల సేవలు అందాలని, ఉర్దూలోనూ తెలుగులోనూ ఉచిత పలకలు ముద్రించాలని కార్యకర్తలు వినతిపత్రాల్లో చేర్చవచ్చు. ఆ వినతిపత్రం రాసే సమావేశానికి ఏఏసీ వాడే ఒకరిని పిలవండి. వారు తమ మాట పూర్తి చేసేదాకా సభ ఆగాలి.

పలక అందుకున్న పిల్లవాడు మొట్టమొదట చెప్పేది మనం ఎదురుచూసిన ‘అమ్మీ’ కాకపోవచ్చు. మనం ప్రేమతో అందించిన ముద్ద ముందే అతని వేలు ‘నక్కో’ మీద ఆగవచ్చు. అప్పుడు నవ్వి తోసిపుచ్చకుండా ముద్దను వెనక్కి తీసుకోండి. తన మాటకు విలువ ఉందని ఆ పిల్లవాడికి తెలిసేది అప్పుడే.