అమ్మ అకౌంటే అడ్డమా?

కంప్యూటర్ నిండిపోయిందంటే మా ఇంట్లో ముందు గుర్తొచ్చేది నా అకౌంటే. "నువ్వెలాగూ వాడవు కదమ్మా, తీసేస్తున్నా" అన్నాడు మావాడు. మరి నీ ఆటలెంత చోటు తింటున్నాయో చూడరా అంటే నవ్వేశాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

విండోస్ సెట్టింగ్స్‌లో 'రిమూవ్' నొక్కితే పోయేది పేరొక్కటే కాదండీ. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్‌లో ఉన్నవన్నీ పోతాయి. రీసైకిల్ బిన్‌లో వెతికినా దొరకవు. 'డిలీట్ అకౌంట్ అండ్ డేటా' అని తర్వాత వచ్చే బటన్ మీదే ఉంటుంది, చదివేదెవరు? మా అమ్మ చెబుతుంటే నేను టైప్ చేసుకున్న ఆవకాయ కొలతలు, ఆవిడ ఫొటోలు అందులోనే ఉన్నాయి. పోతే ఎవరు తెచ్చిస్తారు?

అసలు తీసెయ్యొద్దని అనను. పద్ధతిగా తియ్యమంటాను. అకౌంట్ ఎవరిదో వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోవాలి. కావలసినవి బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసి, తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. తర్వాతే సెట్టింగ్స్‌లోంచి అకౌంట్ తియ్యాలి. సి డ్రైవ్ 'యూజర్స్'లో ఆ పేరుతో ఫోల్డర్ ఇంకా మిగిలితే, దాన్ని చివర్లో చెరపాలి. ముందే చెరిపితే ఫైళ్లు పోతాయి, అకౌంట్ మాత్రం అలాగే ఉంటుంది.

పాత చీర స్టీలు సామాన్లవాడికి వేసేముందు కూడా కొంగుముడి విప్పి చూసుకుంటాం. మన ఫైళ్లకి ఆపాటి విలువ లేదా?