నూటికి ముప్పది: అందఱకు న్యాయమేనా?

2021 మార్చి 22వ తేదీని తెలంగాణ శాసనసభలో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు ఉద్యోగుల వేతనములను నూటికి 30 వంతున పెంచుచున్నట్లు ప్రకటించిరి. వేతన సవరణ సంఘము సూచించినది 7.5 మాత్రమే. పొరుగుసేవలవారిని, అంగన్‌వాడీలను గూడ విడువక చేర్చుట మెచ్చదగినదే. కాని యందఱకు నొకే పాలు దక్కినది గనుక అందఱకు న్యాయము జరిగినదను వాదమును మే మంగీకరింపజాలము.

లెక్క చూడుడు. అంతకుముందు కనిష్ఠ మూలవేతనము 13,000 రూపాయలు; గరిష్ఠము 1,10,850. నూటికి 30 చొప్పున మొదటివానికి 3,900, రెండవవానికి 33,255 చేకూరును. అంగన్‌వాడీ ఆయా వేతనము 6,000 నుండి 7,800 అయినది, పెరిగినది 1,800. బియ్యపు అంగడిలో ధర నూటికింత యని చెప్పరు, రూపాయలలోనే చెప్పుదురు గదా!

ఇక పనిమాట. దేవరకొండ తండాలోని బడికి ఎండకు వానకు వెఱవక పోవు పంతులును, పట్టణమునుండి వారమునకు రెండుమారులు దర్శనమిచ్చు పంతులును నొకేపాటి పెంపు నందుదురు. పైగా ఆ సవరణ ననుసరించి ఇంటియద్దె భత్యము హైదరాబాదున నూటికి 24, పల్లెలలో 11. మారుమూలకు పోయినవానికి లభించిన బహుమాన మిది! మనుష్యుడు తన జీతమును మాత్రమే చూడడనియు, తన శ్రమఫలములను తోడివాని శ్రమఫలములతో సరిపోల్చుకొనుననియు, అన్యాయము తోచిననాడు శ్రమను తగ్గించుకొనవచ్చుననియు జాన్ స్టేసీ ఆడమ్స్ అను మనశ్శాస్త్రవేత్త 1963లోనే వివరించెను. అమ్రాబాదు గుట్టలపై చెంచుపెంటలు తిరుగు నర్సు బదిలీకై యేల యర్జీ పెట్టుకొనునో దీనివలన బోధపడును.

“అట్లయిన అధికారి మెచ్చినవానికే హెచ్చు నిత్తమా?” యని మిత్రులు ప్రశ్నింపవచ్చును. ఆ భయము సహేతుకమే. దొరల ప్రాపకమున బ్రదుకుట యెట్టిదో నల్లగొండ, పాలమూరు ప్రజలకు నేర్పవలసిన పనిలేదు. మేము కోరునది యొకరి యిచ్ఛ గాదు, వ్రాతలోనున్న నియమము. పెంపులో కొంతభాగమును అందఱకు సమానముగ రూపాయలలో నిండు. మారుమూల సేవకు తగిన భత్యమును నిర్ణయించి, పొందినవారి పట్టికను కచ్చేరి గోడకు అతికింపుడు.

అసమానులను సమానులుగ చూచుటయు నసమానత్వమే యని మన న్యాయస్థానములు పలుమారులు తీర్పు చెప్పినవి. పాలకులును, ఉద్యోగసంఘములవారును తదుపరి సవరణకు కూర్చుండునాడు నూటికెంత యని బేరమాడుటకు ముందు, ఎవరికెంత, ఎందులకు అని యడుగుదురు గాక!