రంగం నుంచి వచ్చిన ప్రశ్న

పోయిన ఆదివారం ఒక పోస్టు పెట్టి రెండు గంటల్లో తీసేశాను. ఎందుకు తీశావని చాలామంది అడిగారు. భయపడి తీశాను. అంతే.

ఆ పోస్టులో ఒక ఫొటో ఉంది. వరసగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన పదిమంది రోహింగ్యా మగవాళ్ళు. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం, ఇన్ డిన్ అనే ఊరు. 2017 సెప్టెంబర్ 2న ఆ పదిమందినీ చంపి ఒకే గోతిలో పూడ్చారు. చంపినవాళ్ళు సైనికులూ, అదే ఊరి బౌద్ధులూ.

పోస్టు పెట్టగానే మన ఉద్యమంలోని ఒక అన్న ఫోన్ చేశాడు. "తమ్ముడూ, బౌద్ధం మీద బురద జల్లేవాళ్ళకి నువ్వే బకెట్ అందిస్తావా?" అన్నాడు. నేను తడబడ్డాను. పోస్టు తీసేశాను. వారమంతా నిద్ర పట్టలేదు. అందుకే అన్నా, నీ ప్రశ్నకి ఇక్కడ, అందరి ముందూ జవాబు చెబుతున్నాను.

ఆ ఘోరాన్ని తవ్వి తీసిన విలేఖరులు వా లోన్, క్యా సో ఊ. క్యా సో ఊ ఎవరో తెలుసా? రఖైన్ బౌద్ధుడు. కవి. ఆ ఫొటోలు వాళ్ళ చేతికిచ్చిందెవరు? ఆ ఊరి బౌద్ధ పెద్దమనిషే. 2017 డిసెంబర్‌లో పోలీసులు ఈ ఇద్దరినీ భోజనానికి పిలిచి, చేతిలో కాగితాలు పెట్టి, బయటికి రాగానే పట్టుకున్నారు. ఇదంతా పన్నిన వల అని ఒక పోలీసు కెప్టెనే కోర్టులో చెప్పాడు. ఆయన్నీ జైల్లో వేశారు. ఆయన కుటుంబాన్ని క్వార్టర్స్ నుంచి గెంటేశారు. విలేఖరులకు ఏడేళ్ళ శిక్ష పడింది. వాడిన చట్టం 1923 నాటి తెల్లదొరల అధికార రహస్యాల చట్టం. హత్యలకు పదేళ్ళ శిక్ష పడిన ఏడుగురు సైనికులు ఏడాది తిరక్కుండానే బయటికొచ్చారు. రాసినవాళ్ళు మాత్రం 500 రోజులకు పైగా లోపలున్నారు. వాళ్ళు ఇంకా జైల్లో ఉండగానే, 2019లో, ఆ కథనాలకు పులిట్జర్ వచ్చింది.

ఇది ఇంగ్లీషు ఏజెన్సీ కథ. దీనికి చప్పట్లు కొట్టడం తేలిక. ఇప్పుడు అమ్మభాషలో రాసినవాడి సంగతి చూడండి.

స్వే విన్. సైనిక ప్రభుత్వానికి వ్యతిరేకంగా పనిచేసినందుకు ఏడేళ్ళు జైల్లో ఉండి వచ్చినవాడు. 2016లో యాంగోన్‌లోని ఒక బట్టలు కుట్టే దుకాణంలో ఇద్దరు ఆడపిల్లల్ని ఐదేళ్ళు బానిసల్లా ఉంచి, కాల్చి, కోసి, వేళ్ళు విరిచిన సంగతి మయన్మార్ నౌలో బయటపెట్టాడు. అప్పటికే పోలీసులు పట్టించుకోలేదు. మానవ హక్కుల కమిషన్ అయితే డబ్బులిప్పించి రాజీ చేసింది! ఆ కథనం వచ్చాక దుకాణం వాళ్ళు జైలుకెళ్ళారు, కమిషన్‌లో నలుగురు రాజీనామా చేశారు. ఊరి నుంచి పనికి పంపిన పిల్ల, పెద్దింటి వంటగది, పోలీసు, రాజీ. ఈ కథ మనకి కొత్తా?

2017 జనవరిలో కో నీ అనే ముస్లిం న్యాయవాదిని యాంగోన్ విమానాశ్రయంలో కాల్చి చంపారు. విరాతు అనే భిక్షువు హంతకులకు ఫేస్‌బుక్‌లో కృతజ్ఞతలు చెప్పాడు. హత్యను మెచ్చుకున్నవాడు వినయ నియమాల ప్రకారం భిక్షువుగా ఉండే అర్హత పోగొట్టుకున్నట్టేనని స్వే విన్ రాశాడు. విరాతు అనుచరుడు పరువునష్టం కేసు వేశాడు, అదీ మాండలేలో. యాంగోన్ నుంచి దాదాపు 600 కిలోమీటర్లు. రెండేళ్ళకు పైగా వాయిదా వాయిదాకీ తిరిగాడు. 2019లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

అన్నా, ఇప్పుడు చెప్పు. బౌద్ధం మీద బురద జల్లింది విరాతునా, స్వే వినా?

బాబాసాహెబ్ 1954లో రంగూన్ వెళ్ళాడు, ప్రపంచ బౌద్ధుల సభకు. కానీ కాషాయం కనబడగానే కళ్ళు మూసుకున్నవాడు కాదు. భిక్షువు తనకోసం తాను బతికే పరిపూర్ణుడా, సమాజానికి సేవకుడా అని సూటిగా అడిగినవాడు. ఆ ప్రశ్న వదిలేసి బుద్ధుడి బొమ్మ మాత్రం ఇంట్లో పెట్టుకుంటే, మనం మారింది పటమే. పూజ మారలేదు.

ఇంకో మాట. మా ఊళ్ళో ఇప్పటికీ బర్మాని "రంగం" అనే అంటారు. మా ముత్తాత రంగం వెళ్ళి ఓడరేవులో మూటలు మోశాడు. అక్కడ మనవాళ్ళని కోరంగీలన్నారు, "కలా" అన్నారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మీయుల్ని దింపారు. సమ్మె ముగిశాక ఆ బర్మీయుల్ని తీసేశారు. యజమానులు సుఖంగానే ఉన్నారు. కూలీలు కూలీల మీద పడ్డారు. మనవాళ్ళ నెత్తురు వీధుల్లో పారింది. ఆనాడు మన మీద విసిరిన ఆ "కలా" అన్న మాటే ఈనాడు రోహింగ్యాల మీద విసురుతున్నారు. తిట్టు అదే. మనిషి మారాడు. ఇక హైదరాబాద్ బాలాపూర్‌లో గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యాలని మన టీవీలు "చొరబాటుదారులు" అంటుంటే, రంగం కూలీల మనవలం మనం నోరు మూసుకుని కూర్చోవాలా?

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. మార్చి 8న మయన్మార్ నౌ, డీవీబీ, మిజ్జిమా, ఖిత్ థిత్, సెవెన్ డే న్యూస్ లైసెన్సులు రద్దు చేసింది. ఈ మిజ్జిమా పుట్టింది ఎక్కడో కాదు, 1998లో, మన ఢిల్లీలో, ప్రవాసుల చేతుల్లో. 2023లో తుఫాను బాధితుల్ని ఫొటోలు తీయడానికి సిత్వే వెళ్ళిన మయన్మార్ నౌ ఫొటోగ్రాఫర్ సాయ్ జా థైకేకి సైనిక కోర్టు 20 ఏళ్ళు వేసింది.

20 ఏళ్ళు! నేను ఒక్క ఫోన్‌కాల్‌కే పోస్టు తీసేశాను.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఎదుటివాడి దుర్మార్గం గురించి రాయడం మనకి బాగా వచ్చు. రాయాలి కూడా. కానీ మనవాళ్ళు తప్పు చేసినప్పుడు, మనవాళ్ళు చదివే భాషలో, మన వీధిలో తలెత్తుకుని తిరుగుతూ రాయడం వేరు. "శత్రువుకి ఆయుధం ఇవ్వకు" అని మన సంఘాల్లో ఎందరు ఆడపిల్లల నోళ్ళు నొక్కామో మనకి తెలియదా? శత్రువుకి ఆయుధమిచ్చేది తప్పుని బయటపెట్టినవాడు కాదు, దాచినవాడు. మూక్‌నాయక్ పెట్టినవాడి వారసులం. మూగతనం మనకి నప్పదు.

ఫొటో మళ్ళీ పెట్టాను. కింద ఉంది. ఈసారి తీయను. అన్నా, ఫోన్ చేస్తే మాట్లాడతాను.

జై భీమ్.